వాషింగ్ మెషిన్ వెనక మూడు వైర్లు

తడి చేత్తో స్విచ్ ముట్టుకోవద్దని పిల్లలకు మాటిమాటికీ చెబుతాం. అదే ఇంట్లో నీళ్లనూ కరెంటునూ ఒకే పెట్టెలో చేర్చి, ఇంటిల్లిపాది బట్టలు అందులో వేసి మన పని మనం చూసుకుంటాం. ఈ నమ్మకం ఊరికే రాలేదు. రెండున్నర శతాబ్దాల మనుషుల బుద్ధిబలం దాని వెనక ఉంది. అది నిలవాలంటే మాత్రం మెషిన్ ఒక్కటే బాగుంటే చాలదు. దాని ప్లగ్గులోకి వచ్చే ఫేజు, న్యూట్రల్, ఎర్తు మూడూ బాగుండాలి.

1767లో జర్మనీలోని రెగెన్స్‌బర్గ్‌లో యాకోబ్ క్రిస్టియన్ షేఫర్ అనే మతాచార్యుడు బట్టలుతికే తొట్టి గురించి పుస్తకం వేశాడు. దాన్ని చేత్తోనే తిప్పాలి. కరెంటుతో తిరిగే మోటారుకు దారి చూపినవాళ్లు నికోలా టెస్లా, ఇటలీకి చెందిన గెలీలియో ఫెరారిస్. తిరిగే అయస్కాంత క్షేత్రం గురించి ఇద్దరూ విడివిడిగా 1888లో లోకానికి వెల్లడించారు. 1910లో ఆల్వా ఫిషర్ షికాగోలోని హర్లీ కంపెనీ తరఫున కరెంటు వాషింగ్ మెషిన్‌కు పేటెంట్ పొందాడు. నీళ్లు పట్టడం, ఉతకడం, జాడించడం, పిండడం అన్నీ తనంతట తానే చేసే మెషిన్‌ను 1937లో బెండిక్స్ కంపెనీ చూపించింది. మన దేశంలో 1980ల చివర టీవీ ప్రకటనలతో ఇది మధ్యతరగతి కోరికల్లో చేరింది. ఆ తర్వాత రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ రూపంలో చిన్న పట్టణాలకూ వచ్చింది.

అలాంటి ఒక చిన్న పట్టణమైన నందికొట్కూరు చుట్టుపక్కల కరెంటు పుట్టుకకు కొదవ లేదు. శ్రీశైలం జలాశయం వెనక నీళ్లు ఈ ప్రాంతం దాకా నిలుస్తాయి. ఆ ఆనకట్ట కుడిగట్టు కేంద్రం సామర్థ్యమే 770 మెగావాట్లు. కానీ ఇంట్లో మెషిన్‌కు అందే వోల్టేజిని తేల్చేది ఆ ఆనకట్ట కాదు, వీధి ట్రాన్స్‌ఫార్మర్, అక్కణ్నుంచి ఇంటిదాకా సాగిన వైరు. మెషిన్ మొరాయిస్తే మెకానిక్ వస్తాడు, లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు మారుస్తాడు, నెల తిరక్కుండా అదే రోగం మళ్లీ వస్తుంది. అలా తిరగబెట్టే రోగానికి మూలం చాలాసార్లు మెషిన్ బయటే ఉంటుంది.

మొదట ఫేజు సంగతి. ఇళ్లకు వచ్చేది ఒక్క ఫేజు. దాని అయస్కాంత బలం అటూ ఇటూ ఊగుతుందే తప్ప తిరగదు. తిరగలి పిడిని ముందుకూ వెనక్కూ లాగితే రాయి తిరగదు; కాస్త పక్కకు కూడా నెట్టాలి. మోటారులో ఆ పక్కనెట్టు ఇచ్చేది కెపాసిటర్. రెండో చుట్టలోని కరెంటును కాస్త ముందుకు జరిపి తిరిగే క్షేత్రాన్ని పుట్టిస్తుంది. సెమీ ఆటోమేటిక్‌లో ఉతికే మోటారుకు ఒకేలాంటి రెండు చుట్టలుంటాయి. టైమర్ కెపాసిటర్‌ను వంతులవారీగా వాటికి కలుపుతుంటే మోటారు కుడికీ ఎడమకూ మారుతుంది. కాబట్టి మోటారు ఎటూ తిరగకుండా గుర్రుమంటుంటే ముందు కెపాసిటర్‌ను అనుమానించాలి. ఒకవైపే తిరుగుతుంటే టైమర్ కాంటాక్టునో, తెగిన వైరునో వెతకాలి. అడుగు తెరిచి ఉన్న మెషిన్లలో ఎలుకలు వైర్లు కొరకడం మామూలే.

అన్నీ సరిగ్గా ఉన్నా సాయంత్రాలు మాత్రమే మొరాయిస్తే అది లో వోల్టేజి పని. ఈ మోటారు బలం వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. 230 ఉండాల్సిన చోట 180 వోల్టులు వస్తే బలం సుమారు 61 శాతానికి పడిపోతుంది. ఎండాకాలం సందెవేళ వీధిలో కూలర్లన్నీ ఒకేసారి తిరుగుతున్నప్పుడు తడి బట్టల బరువును ఆ మోటారు కదపలేదు, వేడెక్కి కాలుతుంది. మర్నాడు పదింటికి మెకానిక్ వచ్చి చూస్తే వోల్టేజి నిండుగా ఉంటుంది, మెషిన్ చక్కగా తిరుగుతుంది. అందుకే ఏ వేళ ఆగిందో, ఏ పనిలో ఆగిందో రాసిపెట్టుకోవాలి. ఆ చీటీ మెకానిక్‌కు టెస్టర్ కంటే ఎక్కువ చెబుతుంది.

న్యూట్రల్ చేసే చేటు ఇంకా పెద్దది. స్తంభం దగ్గర న్యూట్రల్ వదులైనా తెగినా, వేరువేరు ఫేజుల మీదున్న ఇళ్లు 400 వోల్టుల మధ్య వరసగా ఇరుక్కుంటాయి. తక్కువ వాడకం ఉన్న ఇంటికి ఎక్కువ వోల్టేజి వెళుతుంది. ఒకరింట్లో లైట్లు మసకబారితే పక్కింట్లో కళ్లు చెదిరేలా వెలుగుతాయి. ఫుల్లీ ఆటోమేటిక్ బోర్డులు పేలేది ఇలాంటప్పుడే. న్యూట్రల్ సరిచేయకుండా ఎన్ని బోర్డులు మార్చినా డబ్బు వృథా. లైట్లు అలా మారడం చూసిన వెంటనే మెయిన్ ఆపి, లైన్‌మన్‌ను పిలవాలి.

ఇక ఎర్తు. నందికొట్కూరు వైపు నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు కరెంటును బాగా తీసుకుంటుంది. ఎండాకాలం ఎండి బీటలు వారి, ఎర్తు పైపును వదిలి పక్కకు జరుగుతుంది. వానాకాలంలో బాగున్న ఎర్తు ఏప్రిల్‌కల్లా పేరుకే మిగులుతుంది. మెషిన్ ముట్టుకుంటే జివ్వుమనడం ఎర్తు అందడం లేదనడానికి తొలి గుర్తు. ఎర్తు గుంటలో ఉప్పు, బొగ్గు వేసి ఎండాకాలమంతా నీళ్లు పోయడం మన పెద్దవాళ్లు చేసిన పనే. అది నేటికీ శాస్త్రసమ్మతమే.

ఎర్తు ఉన్నా చాలదని లెక్క చెబుతుంది. గుంట నిరోధం 50 ఓములైతే, 230 వోల్టుల ఫేజు మెషిన్ ఒంటికి తగిలినా నేలలోకి 4.6 ఆంపియర్లకు మించి పోదు. ఎక్కువ కరెంటు పారితే ఆపేసే 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి పడదు. మెషిన్ ఒళ్లంతా కరెంటే ఉంటుంది. ఈ లోటు తీర్చేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానమేనా అని అది కనిపెడుతుంటుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వచ్చినా రెప్పపాటులో ఆపేస్తుంది. మనిషి ఒంటికి ఎంత కరెంటు ప్రమాదమో కొలిచిన బర్క్‌లీ ప్రొఫెసర్ చార్లెస్ డాల్జీల్ ఇలాంటి రక్షణ పరికరాన్ని 1961లో రూపొందించాడు.

ఆర్‌సీసీబీ పదేపదే పడుతుంటే తిట్టుకుని తీసేయకండి, అది చెప్పేది వినండి. నీళ్లు వేడెక్కడం మొదలవగానే పడితే హీటర్‌లో లోపం. ఇక్కడి సున్నపురాతి నేలల్లో బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున పట్టే తెల్లని పొరే హీటర్‌కూ పట్టి, దాన్ని లోపలే మాడ్చి పగలగొడుతుంది. పిండేటప్పుడు పడితే మోటారు మీదికి నీళ్లు కారుతున్నాయేమో చూడాలి. హీటర్ 2 కిలోవాట్లదైతే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్టే కావాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు పనికిరాదు. పిన్ను నల్లబడితే సాకెట్ మార్చాలి.

ఒక పని మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. ఎర్తు లేదని సాకెట్‌లో ఎర్తు పిన్నును న్యూట్రల్‌తో కలిపేస్తారు కొందరు. ఆ న్యూట్రల్ తెగిన రోజు మెషిన్ ఒళ్లంతా 230 వోల్టులు నిలుస్తాయి. కప్పు తెరిచే పని కూడా తెలిసినవాళ్లకే వదలాలి. ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్‌లో కరెంటు దాగి ఉంటుంది.

మూడోసారి బోర్డు మార్చే ముందు వైర్‌మన్‌ను పిలిచి మూడు పనులు చేయించండి. సాయంత్రం వోల్టేజి కొలిపించండి, న్యూట్రల్ బిగింపులు చూపించండి, ఎర్తు గుంటను తిరిగి నింపించండి. ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. అద్దె ఇల్లయితే ఈ పనులు ఇంటి యజమానిని గట్టిగా అడగండి, ఎందుకంటే తడి చేతులతో ఆ మెషిన్ దగ్గర నిలబడేది మీ ఇంట్లోవాళ్లే.