తెలుగునాట అలంకారవృక్షాలు: ఋతుశోభ – నామవివేచన

వ్యాససంగ్రహం: వీధులలో, విద్యాలయ ప్రాంగణాలలో, ఆలయాలలో పెరిగే పూలచెట్లు ఋతుపరిణామాన్ని కళ్లకు కట్టిస్తాయి. వాటిలో కొన్ని ఈ నేలవి, కొన్ని రెండు శతాబ్దాలలోపు వచ్చినవి. ఒకే పేరు కాలక్రమంలో వేరొక చెట్టుకు సంక్రమించిన సందర్భాలూ ఉన్నాయి. ఈ భేదాన్ని గుర్తించకపోతే కావ్యాలలోని ఋతువర్ణనలను, ఉపమానాలను అన్వయించడంలో పొరపాట్లు దొర్లుతాయి. ప్రధానమైన కొన్ని వృక్షాల పుష్పకాలాన్ని, నామచరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఋతువర్ణన, మోదుగ, రేల, తురాయి, ఏడాకులపాల, మందారం, నామసంక్రమణం.

1. ఉపోద్ఘాతం

అష్టాదశవర్ణనలలో ఋతువర్ణన ఒకటి. ప్రబంధకవి ఒక ఋతువును చెప్పదలచినప్పుడు ముందుగా ఆ ఋతువులో పూచే చెట్టును చెబుతాడు. అందువల్ల వృక్షనామం వర్ణనలో కాలసూచకం కూడా అవుతుంది. నిఘంటువులు చాలాచోట్ల ‘ఒక వృక్షవిశేషము’ అని మాత్రమే అర్థం చెప్పి ఊరుకుంటాయి. ఆ చెట్టు ఏది, ఎప్పుడు పూస్తుంది, ఈ దేశానికి ఎప్పుడు వచ్చింది అనే ప్రశ్నలకు సమాధానం వెదకడం పరిశోధకుని బాధ్యత.

2. దేశీయవృక్షాలు – ఋతుసూచన

2.1 మోదుగ: సంస్కృతంలో పలాశం, కింశుకం. శిశిరాంతంలో ఆకు రాల్చి, ఫాల్గుణమాసంలో మోడుకొమ్మల నిండా ఎర్రని పూలు పూస్తుంది. ఆకుల చాటు లేకపోవడం వల్ల పూలు దూరానికే కనిపిస్తాయి. వాటి తేనెకోసం వచ్చే పక్షుల వల్ల పరాగసంపర్కం జరుగుతుంది. పక్షులను ఆకర్షించడానికి రంగే చాలు. పరిమళం అవసరం లేదు. రూపం ఉండి విద్య లేనివారిని కింశుకంతో పోల్చే నీతికారుల సంప్రదాయానికి ఈ ప్రకృతిధర్మమే ఆధారం.

వాల్మీకి రామాయణం యుద్ధకాండలో నెత్తురోడుతున్న వీరులను పూచిన కింశుకాలతో పోల్చడం కనిపిస్తుంది. తెలంగాణ పోరాటజీవితాన్ని చిత్రించిన తన నవలకు దాశరథి రంగాచార్య ‘మోదుగుపూలు’ అని పేరు పెట్టారు. మోదుగ ఎరుపును రక్తానికి, పోరాటానికి ప్రతీకగా చూడడం ఆధునికుల కల్పన మాత్రమే కాదనీ, దాని వెనుక ఇతిహాసకాలపు ఉపమానం ఉందనీ ఈ రెండింటినీ కలిపి చదివితే తెలుస్తుంది.

2.2 రేల: సంస్కృతంలో ఆరగ్వధం, రాజవృక్షం. ఎండలు ముదిరిన చైత్రవైశాఖాలలో పసుపుపచ్చని పూలగుత్తులు కొమ్మలనుండి గొలుసులుగా వేలాడుతాయి. అనంతరం ఏర్పడే పొడవైన నల్లని కాయలలోని గుజ్జును ఆయుర్వేదంలో విరేచనకారిగా వాడతారు. కేరళలో విషు పండుగనాటి ‘కణిక్కొన్న’ ఇదే. అది ఆ రాష్ట్ర పుష్పం.

2.3 ఏడాకులపాల: సంస్కృతంలో సప్తపర్ణం, సప్తచ్ఛదం. శరత్తులో పూస్తుంది; రాత్రివేళ వాసన తీవ్రమవుతుంది. కాళిదాసు ఋతుసంహారంలో దీనిని శరద్వర్ణనలో చేర్చాడు. రఘువంశం నాలుగవ సర్గలో దీని వాసనను ఏనుగుల మదజలగంధంతో సమానంగా చెప్పాడు. ఆ పోలికలోని ఘాటుదనం నేటి నగరవాసులకూ అనుభవమే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు చెట్లు కూలిన విశాఖపట్నంలో తరువాత ఈ చెట్లను విరివిగా నాటారు. పూతకాలంలో వాసన భరించలేకపోతున్నామని అక్కడివారు ఫిర్యాదు చేయడం వార్తలకెక్కింది. వనంలో శోభనిచ్చిన చెట్టు ఇరుకువీధిలో వరుసగా నిలిచినప్పుడు ఇబ్బంది కలిగించవచ్చునని దీనివల్ల స్పష్టమవుతుంది.

3. వలసవచ్చిన వృక్షాలు – నామకరణం

వేసవిలో ఎర్రగా విరబూసే తురాయి స్వస్థలం మడగాస్కర్ ద్వీపం. ఐరోపా వృక్షశాస్త్రగ్రంథాలలో ఇది 1829లో నమోదైంది. భారతదేశానికి వచ్చింది పందొమ్మిదవ శతాబ్దంలోనే. ‘తురాయి’ అనే మాట మాత్రం అంతకంటే పాతది. తలపాగాపై అలంకరించుకొనే కుచ్చు అని దాని అర్థం. పూలగుత్తి ఆ కుచ్చును తలపించడం వల్ల చెట్టుకు ఆ పేరు సార్థకమైంది. కనుక ప్రాచీనరచనలో ‘తురాయి’ కనిపిస్తే అది శిరోభూషణమే తప్ప ఈ చెట్టు కాజాలదు.

కొత్తచెట్టుకు పేరు పెట్టేటప్పుడు తెలుగువారు తెలిసిన పూవు పేరుకు విశేషణం చేర్చే పద్ధతిని ఎక్కువగా అనుసరించారు. ఆగ్నేయాసియానుండి వచ్చి, రాత్రి విరిసి తెల్లవారేసరికి నేలరాలే పొడవుకాడల తెల్లపూలచెట్టు ‘ఆకాశమల్లె’ అయింది. సాయంత్రం ఆకులు ముడుచుకొనే అమెరికాఖండపు నీడచెట్టు ‘నిద్రగన్నేరు’ అయింది. వృక్షశాస్త్రరీత్యా మొదటిది మల్లె కుటుంబానికి, రెండవది గన్నేరు కుటుంబానికి చెందినవి కావు. దక్షిణ అమెరికానుండి వచ్చిన ‘నాగమల్లి’ పూవులో పడగను, దాని కింద శివలింగాన్ని దర్శించి భక్తులు దానికి శివాలయాలలో స్థానం కల్పించారు. ఇది పేరుతోపాటు అర్థాన్నీ ఇచ్చి వృక్షాన్ని స్వంతం చేసుకోవడమే.

4. నామసంక్రమణం – అన్వయసమస్య

అమరకోశం స్వర్గవర్గంలో మందార, పారిజాతాలు దేవతరువులు. అదే కోశం వనౌషధివర్గంలో ఆ రెండు పేర్లూ పారిభద్రానికి పర్యాయాలు. పారిభద్రాన్ని ముళ్లతో, ఎర్రని పూలతో ఉండే బాడిద చెట్టుగా గుర్తిస్తారు. నేటి వ్యవహారంలో పారిజాతం అంటే పగడపురంగు కాడతో తెల్లవారుజామున రాలే చిన్నపూవు. మందారం అంటే పెరటిమొక్కగా పెంచే దాసాని.

ఈ మార్పు ప్రభావం కావ్యపఠనంపై ఉంటుంది. పోతన భాగవతం సప్తమస్కంధంలో ప్రహ్లాదుడు తుమ్మెద ఉపమానంతో హరిభక్తిని చెప్పిన ప్రసిద్ధపద్యాన్ని పాఠశాల విద్యార్థి దాసానిపూవును ఊహించుకొని చదువుతాడు. ఆ పద్యంలో మందారం తరువాత వచ్చేది ఆకాశగంగ. ఆ సాహచర్యాన్నిబట్టి అక్కడ మందారం దేవతరువని గ్రహించడం ఉచితం. అప్పుడే ఉపమానంలోని ఔన్నత్యం పూర్తిగా అందుతుంది. నంది తిమ్మన పారిజాతాపహరణంలోని పూవు కూడా స్వర్గలోకపుదే. దానిని పెరటి పారిజాతంగా భావిస్తే సత్యభామ అలుకకు కారణమైన పూవు దుర్లభత్వం మరుగున పడుతుంది.

5. ముగింపు

వృక్షనామాన్ని వ్యాఖ్యానించేటప్పుడు మూడు విషయాలను సరిచూసుకోవాలి. చెప్పిన ఋతువుకు ఆ చెట్టు పూతకాలం సరిపోతుందా? రచనాకాలానికి ఆ చెట్టు ఈ దేశంలో ఉందా? ఆ పేరు అప్పుడు సూచించిన చెట్టు, ఇప్పుడు సూచిస్తున్న చెట్టు ఒకటేనా? ఈ పరీక్షకు నిఘంటువుతోపాటు వృక్షశాస్త్రజ్ఞుల సహకారం, స్థానికుల వ్యవహారజ్ఞానం తోడు కావాలి. ప్రాంతీయ వృక్షనామాలు చెప్పగల పెద్దతరం ఉన్నప్పుడే వాటిని పూతకాలంతో సహా నమోదు చేయడం తెలుగుశాఖలు చేపట్టదగిన పని. కళాశాల ప్రాంగణంలోని చెట్లతోనే దానికి శ్రీకారం చుట్టవచ్చు.