చెవిని బడిన మాట

"మా పిల్లవాడు మాట వినడు" అని తల్లి యన్నచో, వానికి చెవుడని యెవరును అనుకొనరు. మాట చెవిని బడినది. కాని కాలు కదలలేదు. అదియే ఆమె బాధ. తెనుగున వినుట యనగా చెవి చేయు పని మాత్రమే కాదు. ప్రతిదినము శ్రోతలతో పని గల మావంటి వారికి ఈ పలుకుబడి కొంత కలవరము కలిగించుచుండును. రేడియో పెట్టెలు ఎన్ని యున్నవో లెక్కింపవచ్చును గాని, మాట విన్నవారెందరో ఎట్లు తెలియును?

క్రైస్తవుల పాత నిబంధనకు మూలమైన హీబ్రూ భాషలోను ఇదే తీరు కానవచ్చును. వినుటకును లోబడుటకును అందు 'షామ' అను ఒక్క ధాతువే చాలును. లాటిను భాషలో విధేయతను దెలుపు పదము సైతము వినుట యను క్రియ నుండియే పుట్టినది. కావున దైవోపదేశమును వినవలెనని క్రైస్తవ మతము చెప్పునపుడు, విని ఊరకుండుట దాని దృష్టిలో విననట్లే.

ఈ విషయము సమూయేలు మొదటి గ్రంథములోని ఒక కథ వలన బాగుగా తెలియును. షిలోహు మందిరమున ఏలీ అను వృద్ధ యాజకుని కడ సమూయేలను బాలుడు పరిచర్య చేయుచుండెను. ఒక రాత్రి ఎవరో తన్ను పేరుపెట్టి పిలిచినట్లు విని, బాలుడు ఏలీ వద్దకు పరుగెత్తెను. తాను పిలువలేదనియు, పోయి పరుండుమనియు ఏలీ చెప్పెను. ఇట్లు మూడుసార్లు జరిగిన పిమ్మట, పిలుచుచున్నది దైవమని వృద్ధునికి తోచినది. మరల పిలుపు వచ్చినచో ఏమని బదులీయవలెనో ఆయనయే బాలునికి నేర్పెను.

ఆ రాత్రి బాలుడు విన్న వార్త ఏలీ మీది తీర్పే. ఏలీ కుమారులిద్దరును యాజకులై యుండి, బలి మాంసమును దైవభాగము సమర్పింపక మునుపే బలవంతముగా లాగికొనుచుండిరి. తండ్రి వారిని మందలించెనే గాని అడ్డగింపలేదు. ఒక దైవజనుడు అంతకు ముందే వచ్చి హెచ్చరించి యుండెను. ఆ హెచ్చరికయు ఆయన చెవిని బడినదే!

తెల్లవారిన పిదప సమూయేలు ఎప్పటివలె మందిరపు తలుపులు తీసెను. విన్నది చెప్పుటకు వానికి భయము. ఏమియు దాచవలదని ఏలీ గట్టిగా అడుగగా, వాడు అంతయు చెప్పెను. దైవమునకు ఏది మంచిదని తోచునో అదియే జరుగుగాకయని వృద్ధుడు తల వంచెను.

ఈ తలవంపును గొప్ప భక్తిగా కొనియాడువారు కలరు. మేము అంత దూరము పోజాలము. శిక్షను అంగీకరించుట వేరు, చెప్పిన పని చేయుట వేరు. ఆ ఉదయమైనను ఏలీ కుమారులను కొలువు నుండి తొలగించినట్లు గ్రంథమున లేదు. తరువాత ఫిలిష్తీయులతో జరిగిన యుద్ధమున వారిద్దరును హతులైరి. నిబంధన మందసము శత్రువుల చేజిక్కెను. ఆ వార్త విని, తొంబది యెనిమిదేండ్ల ఏలీ పీఠము మీద నుండి వెనుకకు పడి మరణించెను.

యేసు చెప్పిన ఒక ఉపమానమున ఇద్దరు కుమారులు కలరు. తండ్రి తోటలో పని చేయుమనగా, ఒకడు పోనని చెప్పి, పిదప మనసు మార్చుకొని పోయెను. మరియొకడు పోయెదనని మర్యాదగా చెప్పి పోలేదు. తండ్రి మాట విన్నవాడెవడో ఊహించుట కష్టము కాదు.

దైవవాక్కు మన కిష్టుడైన పెద్దమనిషి నోటనే రావలెనన్న నియమము లేదు. ఆరవ శతాబ్దమున ఇటలీలో సన్యాసులకు నియమావళి వ్రాసిన బెనెడిక్టు దీనిని గుర్తెరిగెను. ఆ నియమావళి మొదటి మాటయే వినుమని. మఠమున ముఖ్యమైన పని పడినప్పుడు సోదరులందరిని పిలువవలెననియు, మేలైనది ఏదో దైవము తరచుగా చిన్నవానికే తెలుపుననియు ఆయన వ్రాసెను. వయసును బట్టి సోదరులకు స్థానము నిర్ణయింపరాదని చెప్పుచు, బాలుడైన సమూయేలునే తార్కాణముగా చూపెను.

ఆ సమూయేలును వృద్ధుడయ్యెను. న్యాయాధిపతులుగా తాను నియమించిన కుమారులు లంచములు తీసికొనసాగిరి. ఇశ్రాయేలు పెద్దలు వచ్చి, నీ కుమారులు నీ త్రోవను నడచుట లేదని ఆయన ముఖము మీదనే చెప్పి, తమకొక రాజును నియమింపుమని కోరిరి. రాజును కోరుట ఆయనకు నచ్చలేదని గ్రంథము చెప్పుచున్నది. కుమారులను గూర్చిన మాటకు ఆనాడు ఆయన ఏమి బదులు చెప్పెనో అందు లేదు.