గోడ మీద దెబ్బ పడకముందే

పని మొదలైన మూడో రోజు ప్లంబరు బాత్రూం గుమ్మంలో నిలబడి అడుగుతాడు: "మేడమ్, డైవర్టర్ తెచ్చారా?" ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కుళాయిలు చివర్లో కదా బిగించేది, అప్పుడే ఏం తొందర అనుకుంటూ ఉన్నారు వాళ్లు. అప్పటికే గోడకు గాడి కొట్టేశారు. టైల్స్ మేస్త్రీ ఎల్లుండి వస్తానన్నాడు. ఎవరో ఒకరు ఆఫీసుకు సెలవు పెట్టి శానిటరీ షాపుకు పరుగెత్తుతారు. నెలల తరబడి ఫోన్లో దాచుకున్న ఫొటోలోని మోడల్ స్టాకులో ఉండదు. ఉన్నదేదో పట్టుకొస్తారు. ఇక పదిహేనేళ్లు దాని కిందే స్నానం.

షవర్‌కో కుళాయికో నీళ్లు మళ్లించే ఈ డైవర్టర్‌లో ఒక భాగం గోడలోపల ఇమిడిపోతుంది, హ్యాండిల్ పైకి కనిపిస్తుంది. రెండూ ఒకే కంపెనీవి, ఒకదానికొకటి సరిపడే మోడళ్లు అయితేనే కలుస్తాయి. కమోడ్ సంగతీ అంతే. వెనక గోడ నుంచి అవుట్‌లెట్ ఎంత దూరంలో ఉండాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. పైపు వేసేశాక కమోడ్ కొంటే, నచ్చిన కమోడ్‌కు బదులు పైపుకు నప్పిన కమోడ్ వస్తుంది. పాత ఇల్లు బాగుచేయించుకోవడంలో చిక్కంతా ఇక్కడే. పని జరిగే వరుస ఒకటి, నిర్ణయాలు తీసుకోవాల్సిన వరుస ఇంకొకటి. ఆఖర్న బిగించేవాటినే ముందుగా ఎంచుకోవాలి. కొత్త ఇంటికైతే గోడలు లేచేదాకా ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. పాత ఇంట్లో మనుషులు కాపురముంటారు, లేదా పక్క వీధిలో అద్దె కడుతూ రోజులు లెక్కపెడుతుంటారు. అక్కడ గడువడిగే ప్రతి నిర్ణయానికీ కూలీ ఖర్చవుతుంది.

అంగుళం తెచ్చిన తంటా

హాల్లో పాత టైల్స్ మీదే కొత్తవి అతికించేద్దాం, పగలగొట్టే ఖర్చూ దుమ్మూ తప్పుతాయి అంటాడు మేస్త్రీ. ఆలోచన చెడ్డదేం కాదు. కాకపోతే టైలు, దాని కింద గమ్ము కలిపి నేల అర అంగుళమో ముప్పాతిక అంగుళమో పైకి లేస్తుంది. తలుపులు నేలకు రాసుకుంటాయి కాబట్టి కార్పెంటర్ వచ్చి అడుగున కోయాలి. టేకు తలుపైతే కోతతో సరిపోతుంది. ఫ్లష్ డోరు అంచు కోస్తే లోపలి చెక్క బయటపడి, తడి తగిలి ఉబ్బుతుంది. బాల్కనీ తలుపు స్లైడింగుదైతే దాని ఫ్రేము నేల మట్టంలో మునిగిపోతుంది. బాత్రూం నేలను హాలు కంటే పల్లంగా ఉంచాలన్న నియమానికి హాలు పెరిగితే వచ్చే నష్టం లేదు గానీ, గుమ్మం దగ్గర మెట్టు ఎత్తవుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పడేది అక్కడే. లెవెల్ పైపు పట్టుకుని ఒక పూట అన్ని గుమ్మాలూ కొలిచి కాగితం మీద రాసుకుంటే ఇదంతా ముందే తెలుస్తుంది.

బాత్రూంలో వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక నీళ్లు పోయే నానీ ట్రాప్ మూసి, ఒక రోజంతా నీళ్లు నిలబెట్టాలి. కింది ఫ్లాటువాళ్ల సీలింగు చూసి రావాలి. టైల్స్ అప్పుడు మొదలెట్టాలి. ఆ రోజును ప్లానులో రాయకపోతే ఏ మేస్త్రీ ఇవ్వడు. "మాది లీకవదు సార్" అంటాడు, నమ్మకంగానే అంటాడు. వాటం సరిగా వచ్చిందో లేదో కూడా టైల్స్ పరిచిన రోజే బకెట్ నీళ్లు కుమ్మరించి చూసుకోవాలి. డబ్బు చేతులు మారాక చూసి లాభం లేదు.

కరెంటు సంగతి త్వరగా చెప్పేస్తాను. పాతికేళ్ల కిందటి ఇంట్లో వైరింగు ట్యూబులైట్లకు, ఫ్యాన్లకు, ఫ్రిజ్‌కు వేసింది. ఇప్పుడు రెండు ఏసీలు, రెండు గీజర్లు, ఇండక్షన్ స్టవ్వు. 2,000 వాట్ల గీజర్ ఒక్కటే దాదాపు 9 యాంపియర్లు లాగుతుంది. దానికి 16 యాంపియర్ల ప్లగ్గు, విడిగా వైరు కావాలి. ముందు కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ ఎంతుందో చూడండి. లప్పం పెట్టి రంగు వేశాక గోడ పగలగొట్టించుకునే ఇళ్లలో తరచూ కారణం ముందు అనుకోని ఏసీ పాయింటే.

వానల్లో చూసి, ఎండల్లో చేసి

చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో ఎండాకాలంలో ఇంజనీరుకైనా కచ్చితంగా చెప్పడం కష్టం. వానల్లో గోడ మీద తడి మరక అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేయండి. కోస్తాలో అయితే ఈశాన్య రుతుపవనాల వానలు కూడా అయ్యేదాకా ఆగాలి. మరక పైనుంచి దిగితే డాబా, నేల నుంచి ఎక్కితే పునాది, వానతో పనిలేకుండా పెరిగితే లోపలి పైపు అనుమానించాలి. మూడింటికీ మందు వేరు. ఇది చూడకుండా గోడకు ఖరీదైన డ్యాంప్‌ప్రూఫ్ రంగు కొట్టించేవాళ్లే ఎక్కువ.

డాబా పని ఎండల్లోనే చేయించాలి. అలాగని ఏప్రిల్ ఎండకు సిమెంటును వదిలేయకూడదు. పీపీసీ సిమెంటు వాడిన కాంక్రీటును కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులు తడిగా ఉంచమంటుంది ఐఎస్ 456 ప్రమాణం. ఆ నీళ్లెవరు పడతారు, బోరు ఎండితే ట్యాంకరెవరు తెప్పిస్తారు అన్నది కూడా ప్లానే.

మేస్త్రీల క్యాలెండర్ వేరే ఉంటుంది. హైదరాబాద్‌లో టైల్స్, చెక్కపని చేసేవాళ్లలో రాజస్థాన్, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవాళ్లు ఎందరో. దీపావళికని వెళ్లిన బిహారీ కుర్రాడు ఛఠ్ పండుగ అయ్యాక గానీ రైలెక్కడు. మనవాళ్లు సంక్రాంతికి ఊరెళితే కనుమ దాటాకే ఫోనెత్తుతారు. మాఘంలో అమ్మాయి పెళ్లి పెట్టుకుని కార్తీకంలో గోడలు పగలగొట్టే తండ్రులకు ఈ లెక్క ముందే తెలియాలి. వాస్తు చూపించుకునేవాళ్లు కూడా ప్లాను గీయకముందే చూపించుకోవాలి. గోడ లేచాక వచ్చే సిద్ధాంతి సంభావన కంటే ఆయన చెప్పే మార్పుల ఖర్చే ఎక్కువ.

హాలు పెద్దదవుతుందని గోడ తీయించేవాళ్లకో మాట. పిల్లర్లు, బీముల మీద నిలిచిన ఫ్లాట్లలో నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ తీసినా చాలావరకు పరవాలేదు. డంగు సున్నం మిద్దెల్లో, పాత పెంకుటిళ్లలో పైకప్పును మోసేది గోడే. ఏది ఏదో స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి చెప్పాలి. పైపు కోసం పిల్లర్‌ను చెక్కే ప్లంబర్లున్నారు. లోపలి ఇనుముకు తడి తగిలితే తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాంక్రీటు పెచ్చులూడుతుంది. పైపు దారి ముందే గీసి ఇస్తే ఉలి పిల్లర్ జోలికి పోదు.

పన్లో పనిగా...

అనుకున్న డబ్బు ఎక్కడ పోయిందని అడిగితే అందరూ టైల్స్ ధర, కూలి రేటు అంటారు. నన్నడిగితే దొంగ వేరే ఉన్నాడు. "పన్లో పనిగా ఆ సీలింగు కూడా..." "ఎలాగూ మేస్త్రీ ఉన్నాడుగా, వరండా కూడా..." ఒక్కో మాటా న్యాయంగానే ఉంటుంది. కలిపి చూస్తే ఇంకో బాత్రూం ఖర్చు. అందుకే ఏం చేయిస్తున్నామో, ఏం చేయించడం లేదో రెండూ రాసి పెట్టుకోవాలి. పగలగొడితే గానీ బయటపడని కుళ్లిన పైపుల కోసం మొత్తంలో పదిహేను శాతం విడిగా ఉంచాలి. దాన్ని సీలింగు లైట్లకు వాడకూడదు. మేస్త్రీతో చదరపు అడుగు రేటు ఒక్కటే మాట్లాడుకుంటే చాలదు. కిటికీలు, తలుపులు తీసేసి కొలుస్తారా, స్కర్టింగు విడిగా లెక్కా, పగలగొట్టిన రబ్బిష్ ఎవరు మోయాలి? నిర్మాణ, కూల్చివేతల వ్యర్థాలపై కేంద్రం 2016లోనే నిబంధనలు తెచ్చింది. హైదరాబాద్‌లో వాటిని పొడిచేసే కేంద్రాలు జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో ఉన్నాయి. అయినా బస్తాలు రాత్రికి రాత్రి చెరువు గట్టు చేరుతూనే ఉన్నాయి.

కొలతల కన్నా ముందు తేలాల్సింది ఆ ఇంట్లో ఉండబోయేదెవరన్నది. డల్లాస్‌లో కొడుకు వాట్సాప్‌లో వంటింటి ఫొటో పంపిస్తాడు. తెల్లటి అరలు, హ్యాండిళ్లు లేని డ్రాయర్లు. తెనాలిలో తల్లికి కావలసింది గ్రైండర్ కదలకుండా పెట్టుకునే చోటు, ఆవకాయ జాడీలకు చేతికందే అర, తాలింపు పొగ బయటికి పోయే దారి, తన ఎత్తుకు సరిపడే గట్టు. బాత్రూం తలుపు రెండున్నర అడుగులదైతే చౌకట్టు పోగా మిగిలిన సందులో చక్రాల కుర్చీ తిప్పడం కష్టం. కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ ఇప్పుడే అక్కర్లేకపోయినా, దాన్ని బిగించే చోట గోడ గట్టిగా ఉండేలా ఇప్పుడే చూడాలి.

ఇంత రాసుకుని, గది గదీ తిరిగి చూసుకున్నాక కొన్ని పద్దులు వాటంతటవే కొట్టుకుపోతాయి. ముఖ్యంగా నేల. తాండూరు నాపరాయి, బేతంచెర్ల బండ, మొజాయిక్ వేసిన ఇళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. నలభై ఏళ్ల మొజాయిక్ నేల పగుళ్లు లేకపోతే దాన్ని తవ్వి నిగనిగలాడే టైల్స్ పరవాల్సిన అవసరం లేదు. పాలిష్ మెషిన్ పెట్టి, వరుసగా సన్నరకం రాళ్లు మారుస్తూ అరగదీస్తే గవ్వల్లాంటి ఆ రాతిముక్కలు మళ్లీ తేలతాయి. ఇల్లంతా బురదనీళ్లు పారతాయి కాబట్టి ఈ పని మాత్రం రంగులకు ముందే పెట్టుకోవాలి.