ఛాతీమంటకు ఏ పరీక్ష? ఎప్పుడు?

భోజనమైన కొద్దిసేపటికి రొమ్ముటెముక వెనుక మంట, గొంతులోనికి ఎగదన్నే పుల్లని నీరు, పడుకొన్నప్పుడు పెరిగే దగ్గు, కడుపుబ్బరం, త్రేన్పులు: వీటన్నింటికీ మన వాడుకలో ‘గ్యాస్’ అనే ఒక్క మాటే ఉన్నది. ఆ మాట చెప్పి మందుల దుకాణంలో మాత్ర కొని ఏళ్ల తరబడి మింగేవారు కొందరు. భయపడి, వైద్యుని సలహా లేకుండానే స్కానింగులకు డబ్బు ఖర్చు చేసేవారు మరికొందరు. ఏ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో తెలిస్తే ఈ రెండు పొరపాట్లూ తప్పుతాయి.

వ్యాధి స్వరూపం

నోటి నుండి ఆహారాన్ని జీర్ణాశయానికి చేర్చే అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల పొడవుగల గొట్టం. అది జీర్ణాశయంతో కలిసే చోట ఒక కండరవలయం ఉంటుంది. ఆహారం దిగేటప్పుడు తెరచుకొని, తరువాత మూసుకోవడం దాని పని. ఆ వలయం వేళ కాని వేళ సడలితే జీర్ణాశయంలోని ఆమ్లం పైకి వస్తుంది. జీర్ణాశయపు లోపొర ఆమ్లాన్ని తట్టుకోగలదు. అన్నవాహిక లోపొరకు ఆ శక్తి లేదు. ఈ స్థితి తరచుగా కలిగి బాధ పెడితే దానిని యాసిడ్ రిఫ్లక్స్ వ్యాధి అంటారు.

పరీక్ష అందరికీ అవసరమా?

అవసరం లేదు. ఛాతీమంట, పులినీరు ఎగదన్నడం స్పష్టంగా ఉండి, ప్రమాద సూచనలేవీ లేనప్పుడు వైద్యులు సాధారణంగా ఆమ్లాన్ని తగ్గించే మందును 8 వారాలపాటు ఇచ్చి చూస్తారు. ఆ మాత్రను భోజనానికి అరగంట నుండి గంట ముందు వేసుకోవాలి. బాధ తగ్గితే చాలామందికి తక్షణం వేరే పరీక్ష అక్కరలేదు.

అయితే మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తపు వాంతి, తారువంటి నల్లని మలం, రక్తహీనత, ఆగని వాంతులు: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయరాదు. మాత్రలతో బాధను కప్పిపుచ్చక వెంటనే వైద్యుని చూడాలి.

బేరియం ఎక్స్‌రే

తెల్లని సున్నపునీటి వంటి బేరియం ద్రవాన్ని రోగిచేత మింగించి, అది దిగుతుండగా వరుసగా ఎక్స్‌రే చిత్రాలు తీస్తారు. అన్నవాహిక ఎక్కడైనా ఇరుకైనదా, దాని కదలిక సరిగా ఉన్నదా, జీర్ణాశయపు పైభాగం ఉదరవితానాన్ని దాటి ఛాతీలోనికి జారినదా అన్న సంగతులు ఇందులో తెలుస్తాయి. మింగుడు పడని వారికి, శస్త్రచికిత్సకు ముందు ఇది ఎంతో ఉపయోగకరం. కాని రిఫ్లక్స్ ఉన్నదీ లేనిదీ తేల్చడానికి ఇది ఒక్కటే చాలదు. ఆరోగ్యవంతులలోనూ ఆ క్షణంలో ద్రవం కొంత పైకి రావచ్చు. వ్యాధి ఉన్నవారిలో ఆ కొద్ది నిమిషాలలో రాకపోవచ్చు.

ఎండోస్కోపీ

చివర చిన్న కెమెరా గల సన్నని గొట్టాన్ని నోటి ద్వారా పంపి అన్నవాహిక లోపొరను నేరుగా చూడడం ఎండోస్కోపీ. పుండ్లు, ఒరుపులు, ఇరుకుదనం, ఏళ్ల తరబడి ఆమ్లం తగలడం వలన లోపొరలో వచ్చే మార్పులు ఇందులో కనిపిస్తాయి. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపవచ్చు. పుండ్ల తీవ్రతను ‘ఎ’ నుండి ‘డి’ వరకు నాలుగు శ్రేణులుగా రిపోర్టులో రాస్తారు. ‘డి’ అన్నిటికన్నా తీవ్రమైనది.

రిఫ్లక్స్ లక్షణాలు గలవారిలో సగానికి పైగా ఎండోస్కోపీలో ఏ పుండూ కనిపించదు. ‘రిపోర్టు నార్మల్’ అంటే బాధ కల్పితమని అర్థం కాదు. చిత్రం చూపగలిగేది ఆమ్లం చేసిన గాయాన్ని. ఆమ్లం రాకపోకలను కాదు.

ఆమ్లాన్ని కొలిచే పరీక్ష

ఆ రాకపోకలను లెక్కించడానికి పీహెచ్ పరీక్ష ఉన్నది. ముక్కు ద్వారా పంపిన సన్నని తీగ 24 గంటలపాటు అన్నవాహికలోని ఆమ్లతను నమోదు చేస్తుంది. అన్నవాహికలో ఆమ్లం నిలిచిన కాలం మొత్తం సమయంలో 4 శాతం లోపు ఉంటే సాధారణం. 6 శాతం దాటితే వ్యాధి ఉన్నట్లే. మందులకు లొంగని బాధకు, శస్త్రచికిత్స తలపెట్టినప్పుడు ఇది కీలకం.

కడుపు అల్ట్రాసౌండ్ పిత్తాశయపు రాళ్లను చూపుతుంది కాని రిఫ్లక్స్‌ను నిర్ధారించదు. సీటీ స్కాన్ కూడా ఇందుకు తగిన పరీక్ష కాదు.

పరీక్షకు వెళ్లే ముందు

బేరియం పరీక్షకైనా ఎండోస్కోపీకైనా సాధారణంగా 6 నుండి 8 గంటలు ఏమీ తినరాదు. మధుమేహానికి మందులు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ముందుగానే చెప్పాలి. గర్భవతులు ఎక్స్‌రేకు ముందు తప్పక తెలియజేయాలి. ఆమ్లం తగ్గించే మాత్రలను ఆపాలా, ఎన్నాళ్ల ముందు ఆపాలో వైద్యుని అడగాలి. బేరియం తరువాత మలం ఒకటి రెండు రోజులు తెల్లగా రావడం సహజం. నీరు ఎక్కువగా తాగాలి. మత్తు ఇచ్చి ఎండోస్కోపీ చేస్తే తోడు మనిషి ఉండాలి. ఆ రోజు వాహనం నడపరాదు.

వైద్యునికి మన భాష రాకపోతే ‘గ్యాస్’ అని ఊరుకోక మంట అన్న సంగతి చెప్పాలి. ఛాతీమంటను కన్నడంలో ‘ఎదెయురి’ అని, తమిళంలో ‘నెంజెరిచ్చల్’ అని, మరాఠీలో ‘ఛాతీత్ జళ్‌జళ్’ అని అంటారు. మంట ఎక్కడ, ఎప్పుడు, వారానికి ఎన్నిసార్లు వస్తుందో కాగితంపై రాసుకొని వెళ్లడం మంచిది. ఊరు మారినా పాత రిపోర్టులను, ఫిల్ములను భద్రపరచుకోవాలి.

ఒక హెచ్చరిక

ఛాతీలో బరువు లేదా నొక్కినట్లు నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకడం, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు. గ్యాస్ మాత్ర వేసుకొని వేచి చూడరాదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. అప్పుడు ముందుగా కావలసినది ఈసీజీ. ఛాతీమంట పరీక్షల సంగతి ఆ తరువాతనే.