సరిహద్దున నిలిచిన గొట్టము

పాకిస్తాన్ గృహిణులు వంటవాయువును 'సూయీ గ్యాస్' అని పిలుతురు. బలూచిస్తాన్‌లోని సూయీ యను చోట 1952లో సహజవాయువు బయల్పడినది. 1955 నాటికి గొట్టముల గుండా కరాచీ చేరినది. ఊరిపేరే వాయువునకు పేరైనది. కాని భూగర్భనిధి అక్షయపాత్ర కాదు. అది తరుగుచుండగా శీతకాలమున పొయ్యిలలో మంట సన్నగిల్లసాగినది.

పొరుగుననున్న ఇరాన్‌కు వాయుసంపద కొదువ లేదు. పర్షియన్ సింధుశాఖ అడుగున అది ఖతార్‌తో పంచుకొను క్షేత్రము ప్రపంచమున కెల్ల పెద్దది. అచటి వాయువును పాకిస్తాన్ మీదుగా భారతదేశమునకు తెచ్చు ఆలోచన 1989లో పుట్టినది. దానిని 'శాంతి గొట్టము' అనిరి. ధర, భద్రతల విషయమున పొత్తు కుదరక భారతదేశము తప్పుకొనగా, 2009లో తక్కిన రెండు దేశములే ఒడంబడిక చేసికొన్నవి: 25 సంవత్సరములు, దినమునకు 75 కోట్ల ఘనపుటడుగులు.

వాయువును ఓడ కెక్కింపవలెనన్న, సున్నకు దిగువ 162 డిగ్రీల వరకు చల్లార్చి ద్రవముగా మార్చవలెను. అది మిక్కిలి వ్యయముతో కూడిన పని. ఇరుగుపొరుగులకు గొట్టమే సుకరము. అయితే పాతిన గొట్టమును అమ్మువాడు వేరొకరి ఇంటివైపు త్రిప్పలేడు. కొనువాడును ఎల్లకాలము ఆ చివరనే నిలువవలెను. ఇది సంతలో బేరము కాదు, వియ్యము.

2013 మార్చి 11న చాబహార్ ప్రాంతమున సరిహద్దుకడ ఇరాన్ అధ్యక్షుడు అహ్మదీనెజాద్, పాకిస్తాన్ అధ్యక్షుడు జర్దారీ పాకిస్తాన్ వైపు పనులకు ప్రారంభోత్సవము చేసిరి. తమ వైపు 900 కిలోమీటర్లకు పైగా గొట్టము వేసితిమని ఇరాన్ ప్రకటించినది. ఆవలివైపు కావలసిన సుమారు 780 కిలోమీటర్ల మార్గము మాత్రము 2014 చివరి గడువు దాటినను సాగలేదు. ఇరాన్‌తో వ్యాపారము చేయువారిపై అమెరికా ఆంక్షలు పడునను భయమున, అప్పిచ్చువారు వెనుకకు తగ్గిరి. 2024 ఫిబ్రవరిలో సరిహద్దు నుండి గ్వాదర్ వరకు 80 కిలోమీటర్ల భాగమునకు పాకిస్తాన్ అనుమతి నిచ్చినది. మార్చిలోనే అమెరికా మరల హెచ్చరించినది.

వత్తిడి హెచ్చుగా నున్న చోటి నుండి తక్కువగా నున్న చోటికి వాయువు ప్రవహించునని బాలురు పాఠశాలలో చదువుకొందురు. మార్గమధ్యమున వత్తిడి తగ్గినపుడు యంత్రములు దానిని మరల కలిగించును. కాని రాజ్యముల వత్తిడి వేరు. అది ప్రవాహమును నడపదు, ఆపును. ఇరువురు కలసి ముహూర్తము పెట్టుకొన్నను, మూడవవాని కనుసన్నకు వెరచి నిలిచిపోయిన వియ్యమిది. దాని భారము ఒడంబడికపై వ్రాలు చేసినవారి కంటె, చలికాలపు వేకువను మంట రాని పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలికే హెచ్చుగా తెలియును.