బస్తా కొనేవానికో ధర, లారీ దించుకునేవానికో ధర

ఎరువుల అంగట్లో రైతును మొదట అడిగేది రెండే మాటలు: ఎన్ని బస్తాలు, రొక్కమా అప్పా? ధర ఆ జవాబును బట్టి మారుతుంది. ప్రొద్దుటూరులో లారీ సరుకు దించుకునే డీలరుకు కంపెనీ రాయితీ ఇస్తుంది. అందులో కొంత పెద్ద కమతం ఆసామికి చేరుతుంది. రెండెకరాల రైతు దాకా వచ్చేసరికి అది ఇగిరిపోతుంది. పైగా యూరియాకు కటకట వచ్చిన రోజుల్లో అక్కరలేని మందు డబ్బా కూడా అంటగడతారు. నిబంధనలు ఒప్పవు, అయినా జరుగుతూనే ఉంది.

అట్లాగని రాయితీ అనగానే ఎగబడమని మేము చెప్పడం లేదు. లెక్క వేద్దాం. బస్తా 1,400 రూపాయల కాంప్లెక్సు ఎరువు 20 బస్తాలు తీసుకుంటే బస్తాకు 20 తగ్గిస్తారనుకుందాం. మిగిలేది 400. రైతుకు కావలసింది 10 బస్తాలే. తక్కిన పదికి 13,800 రూపాయలు నూటికి రెండు వడ్డీకి తెస్తే నెలకు 276. రెండు నెలలు తిరక్కముందే రాయితీ కాస్తా వడ్డీకే పోయింది.

ఒకేసారి ఎంత సరుకు చేయించాలో 1913లో అమెరికా ఇంజనీరు ఫోర్డ్ విట్‌మన్ హారిస్ సూత్రం రాశాడు. సరుకు చేయించిన ప్రతిసారీ అయ్యే ఖర్చు ఒకవైపు, నిల్వలో ఇరుక్కున్న సొమ్ముకు వడ్డీ మరోవైపు పెట్టి తూచాడు. ఆయన లెక్కలో వాన లేదు. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ వేసే రైతుకు అదే అసలు భయం. పదును కాకపోతే ముందుగా తెచ్చిన బస్తా ఇంట్లోనే చెమ్మ పట్టి గడ్డ కడుతుంది. అందుకే వాన పడ్డ మరునాడు అందరూ ఒక్కసారే అంగడికి పరుగెత్తుతారు. ఇక బేరమాడే తీరిక యాడిది? అప్పు తెచ్చుకునేవానికి అసలే నోరు లేదు. 'ఇచ్చినోన్ని ధరెట్లా అడిగేది?' అనుకుంటాడు.

పులివెందుల దిక్కు చీనీ రైతుది మరో చిత్రం. కొద్దిగా కొంటాడు కాబట్టి ఎరువు మీద రాయితీ లేదు. తీరా కాయలు టన్నుల్లో తోలినా 'సూటు' పేరుతో అదనపు తూకం తనే ఇచ్చుకోవాలి. ఇదెక్కడి న్యాయం?

అదే పదిమంది రైతులు తలా రెండు బస్తాలు కలిపి కొంటే నిల్వ ఉండదు, దాని వడ్డీ ఉండదు. తలా 40 మిగులుతాయి. పది ఆటోలకు బదులు ఒక్క ట్రాక్టరు బాడుగ చాలు. పదిమంది చేరి ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకునే వీలు 2002 కంపెనీల చట్ట సవరణతో వచ్చింది. సహకార సంఘాలు అంతకన్నా ఎంతో పాతవి. చిక్కల్లా రొక్కం దగ్గరే. ముందుగా లారీ సరుకుకు సొమ్ము కట్టలేని సంఘం మళ్లీ డీలరు గడపే తొక్కాలి. శనగ అదను అక్టోబరులో. ఎవరికెన్ని బస్తాలో సెప్టెంబరులోనే రాసుకుని, ఆ కాగితంతో సంఘం సహకార బ్యాంకుకు పోవాలి.