ముందు ఊపిరి... తర్వాతే మత్తు!

మొగుడంపల్లి నుంచి చీకటిపడ్డాక బైకు మీద జహీరాబాద్ బయల్దేరిన కుర్రాడు, చెరకు లోడుతో ఆగి ఉన్న ట్రాక్టరును గుద్దుకున్నాడనుకోండి. హ్యాండిల్ గొంతుకు తగిలింది. పైకి చిన్న గాయమే. కానీ గొంతు బొంగురుపోయింది. ఉమ్మిలో రక్తం. పడుకోమంటే పడుకోడు, ముందుకు వంగి కూర్చుంటానంటాడు.

'ఆపరేషనే కదా, తొందరగా మత్తిచ్చేయండి డాక్టరుగారూ!' అంటారు ఇంట్లోవాళ్లు. అసలు చిక్కంతా అక్కడే.

మామూలు ఆపరేషన్లో మత్తు డాక్టరు ముందు నిద్రపుచ్చుతారు, ఆపై గొంతులోకి గొట్టం వేసి ఊపిరి బాధ్యత తాను తీసుకుంటారు. శ్వాసనాళం చిరిగితే ఆ వరస ప్రమాదం. మత్తుతో కండరాలు సడలగానే, అప్పటిదాకా ఎలాగోలా తెరుచుకున్న దారి మూసుకుపోవచ్చు. గుడ్డిగా తోసిన గొట్టం చిరుగులోంచి పక్కదారి పట్టొచ్చు. మాస్కుతో బలంగా పంపిన గాలి మెడ చర్మం కిందికి చేరి ఉబ్బొచ్చు.

అందుకే రోగి సొంతంగా తీసుకునే ఊపిరిని వీలైనంతవరకూ ఆగనివ్వరు. రోగి సహకరిస్తే, మెలకువగా ఉండగానే గొంతును లిగ్నోకైన్‌తో మొద్దుబారుస్తారు. సన్నటి కెమెరా గొట్టంతో లోపల చూస్తూ, గాయం దాటించి ట్యూబు వేస్తారు. అది కుదరకపోతే మెడ దగ్గర కోసి ఊపిరికి దారి చేయడానికి పక్కనే సర్జన్ సిద్ధంగా ఉంటారు. ట్యూబు సరైన చోట కుదిరాకే పూర్తి మత్తు!

ఊపిరి మీద ఈ పట్టింపు మన దగ్గర కొత్త కాదు. 1888, 1889లలో ఆరో నిజాం సాయంతో హైదరాబాద్‌లో క్లోరోఫాం మీద రెండు కమిషన్లు ప్రయోగాలు చేశాయి. వాటిని నడిపించిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ మాట ఒకటే... నాడిని కాదు, శ్వాసను కనిపెట్టండి! క్లోరోఫాం గుండెనూ ఆపగలదని తర్వాత తేలింది కానీ, ఊపిరిని కనిపెట్టి ఉండాలన్న పాఠం మాత్రం నిలిచింది.

జహీరాబాద్ నుంచి 65వ నంబరు జాతీయ రహదారిలో హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. దారిలో ఊపిరి ఆగకూడదంటే ముందు మనం జాగ్రత్తపడాలి. వెంటనే 108కి ఫోన్ చేయండి. కూర్చుంటానన్నవాణ్ని బలవంతంగా పడుకోబెట్టొద్దు. మెడ తిప్పొద్దు, చుట్టూ బిగించి కట్టొద్దు. దాహమన్నా నీళ్లు పట్టొద్దు. కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మరో ముప్పు. ఆఖరిసారి ఎప్పుడు తిన్నాడో, గొంతు ఎప్పుడు మారిందో డాక్టరుకు చెప్పండి.

మాంజా దారం కోసినా, చున్నీ చక్రంలో పడి బిగుసుకున్నా ఇదే జాగ్రత్త. గాయం చిన్నదేనని ఇంటికి తీసుకెళ్లకండి. వాపు కొన్ని గంటల తర్వాతా పెరగొచ్చు!